రూతమ్మ రాయించిన మాట

తడిబట్టతో తుడిచిన నల్లబోర్డు ఎండలో ఆరేటప్పుడు ఒక వాసన వస్తుంది. సుద్ద, పాత చెక్క, ఎన్నాళ్లుగానో ఉతకని గుడ్డ, మూడూ కలిసిన వాసన. ప్రతి శుక్రవారం మా చర్చి గేటు పక్కనున్న ఆ బోర్డును నేనే తుడుస్తాను. మొన్న కూడా తుడిచి, ఆరేదాకా నిలబడ్డాను. లోపల మైకులో పాస్టరు గారు రూతమ్మ గురించి సాక్ష్యం చెబుతున్నారు. దేశం కోసం ప్రత్యేక ప్రార్థన పెట్టుకున్న రోజున ప్రతి ఏడూ చెప్పే సాక్ష్యమే అది. "మన రూతమ్మ తల్లి ఇరవై ఒక్క రోజులు మంచినీళ్లు కూడా ముట్టకుండా ఉపవాసముండి, దేశం కోసం మోకాళ్లూనింది. ఆ ప్రార్థనకు ఎదురింటి అన్యురాలు ఒకామె ఆకర్షింపబడి వచ్చింది. తప్పిపోయిన కుమారుడు నడిచి ఇల్లు చేరాడు. ఆ తల్లి అక్కడికక్కడే ప్రభువును ఒప్పుకుంది!" లోపలి నుంచి ఆమెన్లు వినబడ్డాయి.

"ఇందులో ఒక్కటీ నిజం కాదు" అన్నాను నేను, బోర్డుతో.

ఉపవాసం సంగతి మొదట. రూతమ్మకు షుగరు. పూటకు తినకపోతే చేతులు వణికేవి. ఆ రోజుల్లో ఆమె రోజూ రెండు జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం తినడం నా కళ్లతో చూశాను, ఒక రొట్టెలో సగం నేనే తిన్నాను. ఇక మోకాళ్లు. ముప్ఫై ఏళ్లు ఊళ్లు తిరిగి అరిగిపోయిన మోకాళ్లవి. ఆమె కిందికి వంగితే లేపడానికి ఇద్దరం కావాలి, అందుకే ఎప్పుడూ నిలబడే ప్రార్థన చేసేది. మా మతం కాని ఆడమనిషిని అనే ఆ ‘అన్యురాలు’ అన్న మాట ఆమె నోట నేను ఎన్నడూ వినలేదు. ఆ ఎదురింటామెకు లచ్చవ్వ అని పేరుంది. లచ్చవ్వ ప్రార్థనకు ఆకర్షింపబడి రాలేదు. ఒక మాటను తప్పుగా విని వచ్చింది. తప్పుగా విన్నది ఆమేనా, నేనా అన్నది మాత్రం ఇన్నేళ్లయినా నాకు తేలలేదు.

రూతమ్మను చూడని వాళ్ల కోసం చెబుతున్నాను. ఆమె సర్కారు దవాఖానలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. జమ్మికుంటలో మా వాడంతా ఆమెను నర్సమ్మ అనే పిలిచేది. పొట్టిగా, గట్టిగా ఉండేది. చేతిలో ఎప్పుడూ ఒక నీలం డబ్బా. ఒకప్పుడు పోలియో చుక్కల సీసాలు ఐసులో పెట్టుకుని తిరిగిన డబ్బా అది. విరిగిన మూతతో పక్కన పడేస్తే తెచ్చుకుందట. రిటైరయ్యాక అందులో వాక్యం పుస్తకం, కళ్లద్దాలు, రొట్టెలు, సుద్దముక్కలు పెట్టుకునేది. "చల్లగ ఉంటయి" అనేది, వాక్యం గురించా రొట్టెల గురించా చెప్పేది కాదు.

నాది నిర్మల్. పెళ్లయి ఇక్కడికి వచ్చి, జూనియర్ కాలేజీలో పౌరశాస్త్రం చెప్పే ఉద్యోగంలో చేరాను. మా ఆదిలాబాదు వైపు మరాఠీ కలిసిన మాటలు నా నోరు వదలడానికి చాలాకాలం పట్టింది. మొదటిసారి వాళ్లింటికి పోయినప్పుడు చాయ్ ఇయ్యబోతే "నక్కో పెద్దమ్మా" అన్నాను, వద్దని. "నాకో గ్లాసు అన్నవా? ఇగో, పట్టు" అని చేతిలో పెట్టింది. నక్కో అంటే ఏమిటో ఆమెకు బాగా తెలుసని తర్వాతెప్పుడో అర్థమైంది. తనకు కావలసినట్టు వినడంలో ఆమెను మించినవాళ్లు లేరు. ఈ సంగతి గుర్తుంచుకోండి.

నాకు వాదించడం ఇష్టం. ఇంట్లో, స్టాఫ్‌రూములో, చర్చిలో, ఎక్కడైనా. ఆడవాళ్ల ప్రార్థన కూటంలో నన్ను చూస్తే కొందరు ముందే కళ్లు మూసుకునేవాళ్లు. ఒకసారి దేశం కోసం ప్రార్థించమంటే సుశీల అనే ఆమె మొదలుపెట్టింది. దేశ నాయకులు, అధికారులు, సరిహద్దుల్లో సైనికులు, న్యాయస్థానాలు, అట్లా పోతూనే ఉంది. నడిమధ్యలో రూతమ్మ, కళ్లు తెరవకుండానే, "సుశీలా, గీళ్లల్ల నువ్వు ఎవ్వల్ని సూసినవ్?" అన్నది.

"చూడలే అమ్మా."

"మరి సూసినోళ్ల పేర్లు ముందుగాల చెప్పు. నువ్వు సూడనోళ్లను ఆయన సూస్తడు తియ్యి."

తర్వాత తనే అందుకుంది. ఆమె ప్రార్థన ఎట్లా ఉండేదో ఇప్పటికీ చెవిలో ఉంది. "తండ్రీ, మూడో వార్డు. ఓదెమ్మకు ఏడో నెల. రక్తం తక్కువున్నది. ఇచ్చిన గోలీలు చెత్తల పారేస్తున్నది, నేను సూసిన. సాంబయ్యకు బీపీ దిగుతలేదు. ఉప్పు మానుమంటే ఇంటిదాని మీద లేస్తుండు. జర వాని నాలికె సంగతి సూడు. రెండో వార్డు..."

అయిపోయాక నేను ఊరుకుంటానా? "పెద్దమ్మా, గిది ప్రార్థననా, దవాఖానకు పంపే రిపోర్టా?" అన్నాను. నలుగురూ నవ్వారు.

"రిపోర్టే బిడ్డా. పైకి పంపుతున్న. ముప్పై ఏండ్లు ఆఫీసుకు పంపితిని, ఎవడన్న సదివిండా?"

"మరి దేశం ఏది? దేశం కోసం కదా ప్రార్థన? దేశమంటే మూడో వార్డేనా?"

"నాకిచ్చిన ఏరియా గిదే" అన్నది రూతమ్మ, డబ్బా మూత పెడుతూ.

ఆ జవాబుకు నేను చాలా రోజులు నవ్వుకున్నాను. ఇంటికి పోతుంటే ఆమె నా భుజం మీద చెయ్యేసి మరో మాట కూడా అన్నది. దానికి మాత్రం నవ్వు రాలేదు. "నీ మాటకు పదునున్నది విమలా. గని అడ్రసు లేదు. ఎవలికి తగులుతదో సూసుకోవు."

కరోనా వచ్చిన ఏడు. ఇంకా మన దగ్గర అంతా బందు కాలేదు, టీవీల్లో మాత్రం పొద్దస్తమానం అదే. పాస్టరు గారు ఒక కాగితం పంపారు, బోర్డు మీద రాయమని. ‘మహమ్మారి నుండి మన భారతదేశ క్షేమ నిమిత్తము అత్యవసర విజ్ఞాపన ప్రార్థనలు.’ నాకు చేతిరాత బాగుంటుందని రాసే పని నాది. రూతమ్మ నీలం డబ్బాలో వెతికితే బొటనవేలంత సుద్దముక్క ఒక్కటే దొరికింది.

"గింత రాసేసరికి సుద్ద ఒడుస్తది. పొట్టిగ రాయి" అన్నది.

"ఏమని?"

"దేశం కోసం ప్రార్థన. శుక్రారం పొద్దుగాల. ఎవలైనా రావచ్చు. గంతే."

"దేశం ఒక్కటే ఎందుకు, ఈ రోగం లోకమంతా ఉంది కదా? లోకం కోసం అని రాయొద్దా?"

"దేశం అని రాయి. గా మాట అందరికి ఎరుకే."

రాశాను. రాసినదాన్ని ఆమె వీధివైపు తిరిగి మూడుసార్లు చదివింది, పోలియో చుక్కల ఆదివారాల్లో "పిల్లలను పట్టుకోని రాండ్రి" అని అరిచే గొంతుతో. ఆ గొంతుకు తలుపులు తెరుచుకోవడం ఆ వాడలో ముప్ఫై ఏళ్ల అలవాటు. నాలుగైదు తలుపులు తెరుచుకున్నాయి. సరిగ్గా ఎదురుగా ఉన్న లచ్చవ్వ ఇంటి తలుపు కూడా.

వారం తిరగకుండానే లాక్‌డౌన్ వచ్చింది. చర్చికి తాళం పడింది. "చర్చి బందయింది గని బోర్డు బంద్ కాలే గదా" అన్నది రూతమ్మ. ఎవరి గడప మీద వాళ్లే కూర్చోవాలి. ఆమె గేటు దగ్గర మూతికి గుడ్డ కట్టుకుని నిలబడి, వాడ ఆ కొస దాకా వినబడేట్టు ప్రార్థిస్తుంది. మొదటి శుక్రవారమే హోంగార్డు బండి మీద వచ్చి, "ఏంది నర్సమ్మా, మీటింగు పెట్టినవా?" అన్నాడు.

"మీటింగేడిది? ఎవలింటి కాడ వాళ్లే ఉన్నరు. నువ్వు గూడ బండి దిగకు. గాన్నే కూసోని కండ్లు మూసుకో."

ఆ పిలగాడు నిజంగానే హెల్మెట్ తీసి తల వంచాడు.

లచ్చవ్వ మొదటి శుక్రవారం నుంచే తన గడప మీద కూర్చుంది. ఆమెది నేత కుటుంబం. భర్త పోయాడు. మగ్గాల వాళ్లకు కండెలు చుట్టి బతికేది. మగ్గాలన్నీ ఆగిపోయి ఆమె రాట్నం కూడా ఆగిపోయింది. ప్రార్థన మొదలైతే కొంగు తల మీదికి లాక్కుని, ఒళ్లో ఏదో ప్లాస్టిక్ కవరు పెట్టుకుని, కదలకుండా వినేది. ప్రార్థన ముగిశాక మాత్రం ఇంకా ఏదో రావాల్సి ఉన్నట్టు కాసేపు అట్లాగే కూర్చునేది. ఈ ముసలమ్మకు దేశమంటే ఎంత ప్రేమో అనుకున్నాను నేను. కాలేజీ తెరవగానే పిల్లలకు చెప్పాలని కూడా అనుకున్నాను.

నాలుగో శుక్రవారం ప్రార్థన కాగానే రూతమ్మ జ్వరాల సర్వేకు పక్క వాడకు పోయింది. రిటైరైనా దవాఖాన వాళ్లు బతిమాలి పిలిచారు. నేను చేతులు కడుక్కుంటుంటే లచ్చవ్వ వీధి నడుమ దాకా వచ్చి నిలబడింది.

"టీచరమ్మా, మా పిలగాని పేరు ఎప్పుడు సదువుతరు? నాలుగు వారాలాయె."

"ఏ పిలగాడు? పేరెందుకు చదవాలె?"

"దేశం కోసం అంటిరి గదా. మా రాజేశం దేశం మీద పోయి మూడేండ్లాయె. నర్సమ్మ ఒక్కొక్కల పేరు సదువుతది గదా, వానిది గూడ సదువుతదని ఇంటున్న. ఆధార్ జిరాక్సు గూడ తెచ్చిన, ఇగో."

మా వైపు మనుషులకు చెప్పనక్కర్లేదు. మిగతావాళ్ల కోసం: ఒక మనిషి ఇంట్లో చెప్పకుండా, జాడ ఇవ్వకుండా వెళ్లిపోతే ‘దేశం మీద పోయిండు’ అంటారిక్కడ. పట్నం పోయినా, పక్క జిల్లాలో ఉన్నా, జాడ లేకపోతే దేశమే. బోర్డు మీది మాటకు లచ్చవ్వ చేసుకున్న అర్థం అది. దేశం మీద పోయినవాళ్ల కోసం ప్రార్థన, ఎవరైనా రావచ్చు.

నేను నవ్వాను. దాచుకోవడం ఎందుకు, గట్టిగానే నవ్వాను. నవ్వి, క్లాసు తీసుకున్నాను. "లచ్చవ్వా, అది ఆ దేశం కాదు. దేశమంటే ఇండియా. జనాభా ఉండాలె, భూభాగం ఉండాలె, ప్రభుత్వం ఉండాలె, సార్వభౌమాధికారం ఉండాలె. దాని కోసం చేస్తున్నరు ప్రార్థన. నీ కొడుకు కోసం కాదు."

ఆమె అంతా విన్నది. సార్వభౌమాధికారం దాకా విన్నది. కవరును నాలుగు మడతలు పెట్టి రొండిన దోపుకుంది. "నాకెరుకలేదు బిడ్డా. మీ దేశం వేరే ఉన్నట్టున్నది" అని లోపలికి పోయింది.

మరుసటి శుక్రవారం ఆ తలుపు తెరుచుకోలేదు.

రూతమ్మ ప్రార్థన మొదలుపెట్టబోయి ఆగింది. "లచ్చవ్వ ఏది?" అని అడిగింది. జరిగిందంతా నేను తమాషాగా చెప్పాను, స్టాఫ్‌రూములో చెప్పినట్టు. రూతమ్మ నవ్వలేదు.

"ఏం జెప్పినవ్? మల్ల చెప్పు."

"జనాభా, భూభాగం..."

"ఆగు. జనాభల రాజేశం ఒకడు గాడా?"

నేను తగ్గలేదు. నేను చెప్పినదాంట్లో తప్పేముందో చూపించమన్నాను. ఏ పుస్తకంలో చూసినా దేశానికి అర్థం అదేనన్నాను.

"నువ్వు కరెక్టే. కరెక్టయి ఏం జేసుకుంటవ్? వాడు నా చేతుల మీద పుట్టిండు. కాళ్లు ముందు వచ్చినయి, తల్లి బతుకదనుకున్నం. గిప్పుడు భీవండిల ఏ రేకుల షెడ్డుల ఉన్నడో, ఉన్నడో లేడో తెల్వదు. మూడేండ్ల నుంచి గా తల్లి ఎవ్వల్ని అడుగలే. గిన్నొద్దులకు నోరు తెరిచి మనల్ని అడిగింది. నువ్వు పాఠం చెప్పి పంపినవ్. పో. పోయి జిరాక్సు అడుక్కోని రా."

రెండు రోజులు పోలేదు. అలిగాను. మూడో రోజు పోయి తలుపు తట్టాను. లచ్చవ్వ తియ్యలేదు. గడప ఇవతల నేను, అవతల ఆమె, మధ్యన తలుపు. మూడేళ్ల కింద ఏం జరిగిందో ఆ తలుపు వెనక నుంచే చెప్పింది. కొడుకు తాగి వచ్చి, కండెల బుట్ట తన్ని, దారమంతా వాకిట్లో పారబోశాడట. "నీ మొకం నాకు సూపియ్యకు పో అన్న. ఎవలనరు? కోపానికి ఏ తల్లయినా అంటది. వాడు గదే మాట పట్టుకున్నడు." మహారాష్ట్రలో, భీవండి మరమగ్గాల మీద ఉన్నాడని ఎవరో చెప్పారు. తర్వాత అదీ లేదు. ఇప్పుడు టీవీలో రోడ్ల మీద నడిచిపోతున్న వాళ్లను చూపిస్తుంటే, ప్రతి ఒక్కడి నడక తన కొడుకు నడకలాగే ఉందట.

"పేరు సదివితె వస్తడా టీచరమ్మా?"

వస్తాడని చెప్పడం ఎంత సులువు! పాస్టరు గారైతే చెప్పేవారు. నాకు నోరు రాలేదు. "నాకు తెల్వదు లచ్చవ్వా" అన్నాను.

"మరి ఎందుకు సదువుడు?"

"నిన్నటి నుంచి ఆ పేరు నా నోట్లెనే తిరుగుతున్నది. చదువకుంట ఉండలేను."

కాసేపటికి తలుపు కింద సందులోంచి జిరాక్సు కాగితం బయటికి వచ్చింది.

శుక్రవారం రూతమ్మ గేటు దగ్గర నిలబడలేదు. పక్కన ఒక స్టూలు వేసుకుని కూర్చుంది. "ఇయ్యాల నువ్వు చెయ్యి. జిరాక్సు తెచ్చినదానివి నువ్వే" అన్నది. గంటసేపు ఊపిరి తీయకుండా వాదించగలిగే నేను నలుగురిలో ఒక్కసారి కూడా నోరు తెరిచి ప్రార్థించలేదు. నిలబడ్డాను. "తండ్రీ" అన్నాను. ఆ తర్వాత ఏమీ రాలేదు. చేతిలో కాగితం ఉంది కదా, చదవడం మొదలుపెట్టాను. పేరు రాజేశం. తండ్రి పేరు. ఇంటి నంబరు. వాడ, మండలం, జిల్లా, పిన్‌కోడు కూడా చదివాను. అంతా అయ్యాక, "ఈ మనిషి దేశం మీద పోయిండు. నీకు ఎరుకే. మాకు ఎరుకలేదు" అన్నాను.

గడపల మీది నుంచి ఆమెన్లు వచ్చాయి. లచ్చవ్వ తలుపు కొంచెం తెరుచుకుని ఉంది. ఆమెకు ఆమెన్ తెలియదు. "ఆఁ" అన్నది.

అప్పుడు అటు కొస నుంచి ఎవరో, "మావోడు దుబాయిల ఉన్నడు, పేరు శంకరు, రాసుకో టీచరమ్మా" అన్నారు. "మా పెనిమిటి సూరత్‌ల." "మా బిడ్డ హైదరాబాద్ దవాఖానల నర్సు, గామె పేరు గూడ." వాడ చివర జానీ వాళ్లమ్మ, తలుపు చాటు నుంచి, "మా జానీ లారీ తోలుకపోయి రాలే బేటీ, వాని పేరు గూడ జర చెప్పు" అన్నది. రూతమ్మ స్టూలు మీది నుంచి ఒక్కొక్క పేరూ మళ్లీ గట్టిగా పలికింది. ఎండ నడినెత్తికి వచ్చేదాకా పేర్లు వస్తూనే ఉన్నాయి. నాయకుల పేరు ఎవరూ ఎత్తలేదు. క్లాసులో నేను ఎన్నిసార్లు చెప్పినా పిల్లలకు ఆవలింతలు తెప్పించిన ఆ ‘జనాభా’ అన్న మాట, ఆ పూట మా వాడలో గడప గడపనా నోరు తెరిచి తన పేరు చెప్పింది.

ఇక్కడినుంచి పాస్టరు గారి కథలో లేనిది. మా తమ్ముడికి నిర్మల్‌లో రోడ్డు పక్కన మందుల షాపు ఉంది. మహారాష్ట్ర వైపు నుంచి నడిచి వచ్చేవాళ్లంతా ఆ రోడ్డు మీదుగానే పోయేవాళ్లు. వాడు కాళ్ల పుండ్లకు మందు రాసి, బిస్కెట్లు ఇచ్చి పంపుతున్నాడని తెలుసు. ఆ సాయంత్రం ఫోన్‌లో, "వచ్చినోళ్ల పేర్లు అడుగుతున్నవా?" అన్నాను.

"పేర్లెందుకక్కా? నీళ్లు అడుగుతరు, మేం ఇస్తం."

"అడుగు. నీళ్లిచ్చేటప్పుడు పేరడిగితే నీ సొమ్మేం పోతది? రాజేశం అని ఎవలన్న ఉంటే ఆపు." ఇంటి నంబరు కూడా చెప్పాను. అప్పటికే నాకు కంఠస్థం.

పది రోజులు కాలేదు, తమ్ముడి ఫోను వచ్చింది. షాపు అరుగు మీద ఒకడు కాళ్లు వాచి పడున్నాడు. పేరడిగితే రాజేశమన్నాడు. జమ్మికుంటేనా అంటే, పోలీసులనుకుని, కాదన్నాడట. తమ్ముడు ఇంటి నంబరు చదివాడు. అతను లేచి కూర్చుని, "గది నీకెట్లెరుక?" అన్నాడట.

ఫోను పట్టుకుని వీధి దాటి పరుగెత్తాను. లచ్చవ్వ ఫోనును చెవికి పెట్టుకుంది. "చెప్పులున్నయార?" అన్నది.

"లెవ్వు."

ఆమె, మూడేళ్ల కింద ఏ వాకిట్లో ఆ మాట అన్నదో అదే వాకిట్లో నిలబడి, "ఒక్కపారి మొకం సూపియ్యిరా" అన్నది.

తమ్ముడిని వీడియో పెట్టమన్నాను. గడ్డం పెరిగి, కళ్లు లోపలికి పోయిన ఒక ముఖం కనబడింది. లచ్చవ్వ తెర మీద చెయ్యి పెట్టింది. ఆమె వేలు తగిలి ఫోను కట్టయింది. మళ్లీ చేయాల్సి వచ్చింది.

నేను రూతమ్మ దగ్గరికి పోయి గెలిచినట్టే మాట్లాడాను. "చూసినవా పెద్దమ్మా, నా ఫోను పని చేసింది. నీ ప్రార్థన కాదు."

"పేరు నీ నోట్లకు ఎట్ల వచ్చింది?"

"జిరాక్సు చదివిన కదా."

"జిరాక్సు నీ చేతికెట్ల వచ్చింది?"

"నువ్వు పొమ్మంటే పోయిన."

"మరి నిన్ను పంపుమని నాతోని ఎవలన్నరు?"

"అట్ల పోతే అన్నిటికీ దేవుడే అయితడు!"

"అయితె అయితడు. నీకేం నొప్పి?"

అప్పుడు నేను అడగకూడనిది అడిగాను. ఆ వాడలోనే ఆ వారం జానీ పోయాడు. లారీతో తిరిగొచ్చి, జ్వరం తగ్గక ప్రాణం విడిచాడు. "అదే పూట అతని పేరు కూడా చదివినం కదా? అతనికేమైంది మరి?" అన్నాను. రూతమ్మ డబ్బా మూత తెరిచింది, మూసింది. "గది నేను గూడ అడుగుతున్న. రోజు అడుగుతున్న" అన్నది. ఆ పూట జానీ వాళ్లింటికి పోయి, వాకిట్లో దూరంగా నిలబడి, ఆ తల్లి ఏడ్చినంతసేపూ అక్కడే ఉంది. ఏ వాక్యమూ చెప్పలేదు. ఆ సంగతి ఏ సాక్ష్యంలోనూ ఉండదు. నేను ఆమెను నమ్మింది మాత్రం అందుకే.

రాజేశం మా తమ్ముడు ఎక్కించిన లారీలో వచ్చి, బడిలో పద్నాలుగు రోజులు క్వారంటైన్‌లో ఉండి ఇల్లు చేరాడు. లచ్చవ్వ ఎవరినీ ఒప్పుకోలేదు, ఎవరినీ వదులుకోలేదు. గుళ్లు తెరిచాక కొండగట్టు అంజన్న మొక్కు ఉందని చెప్పడానికి రూతమ్మ దగ్గరికి జంకుతూ వచ్చింది. "పో, పోయి తీర్చుకో. పొద్దుగాల బయలెల్లు, ఎండ పడకముందే మెట్లెక్కు" అన్నది రూతమ్మ. నేను ఉండబట్టలేక, "నీకేం అనిపించదా పెద్దమ్మా?" అంటే, "గామె మొక్కు గామెది. నడుమ అడ్డం పడుటానికి నేనెవల్ని? కొబ్బరిముక్క తెస్తది, తిందాం" అన్నది. తెచ్చింది. తిన్నాం.

ఇంకొక సంగతి. రాజేశం ఆరేడు నెలలకు మళ్లీ భీవండి పోయాడు. ఇక్కడ పనెక్కడుంది? "మల్ల దేశం పోయిండా లచ్చవ్వా?" అని నేనంటే, ఆమె నన్ను తేరిపార చూసి, నాకు పాఠం చెప్పింది. "దేశమేంది? పనికి పోయిండు. ఆదివారం ఆదివారం ఫోన్ జేస్తుండు. మొకం సూపిస్తుండు. గిది దేశమెట్లయితది?"

రూతమ్మ పోయి రెండేళ్లయింది. నీలం డబ్బా నా దగ్గరే ఉంది. శుక్రవారాలు గేటు దగ్గర నిలబడేది ఇప్పుడు నేనే. నోరు మారలేదు, ఇంట్లో అడిగితే చెబుతారు. కాకపోతే మాట బయటికి వదిలే ముందు అది ఎవరి గడప దగ్గర పడుతుందో చూసుకోవడం వచ్చింది. అప్పుడప్పుడు మరిచిపోతాను. మొన్న కూటం అయ్యాక పాస్టరు గారి దగ్గర మరిచిపోయాను. ఆయన సాక్ష్యంలో ఏది తప్పో వరసగా చెప్పాను. "సాక్ష్యం బలంగా ఉండాలి కదమ్మా" అన్నారాయన. "ఉన్నది ఉన్నట్టు చెబితే ఇంతకంటే బలంగా ఉంటది సార్" అన్నాను.

అప్పటికి బోర్డు ఆరింది. సుద్దముక్క తీసి, ‘దేశం కోసం ప్రార్థన’ అని రాశాను. ఎదురింట్లో లచ్చవ్వ రాట్నం తిరుగుతోంది. ఆ మాట రాసిన ప్రతిసారీ నా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. అందరినీ అన్నీ అడిగిన నేను రూతమ్మను అడగాల్సిన ఒక్కటి అడగలేదు. మూడేళ్లుగా రాజేశం జాడ లేదని తెలిసిన మనిషివి. వాణ్ణి పుట్టించిన చేతులవి. నక్కో అంటే నాకో అని విన్నదానివి. పెద్దమ్మా, ఆ రోజు పాస్టరు గారి వాక్యమంతా కొట్టేసి, ఆ ఒక్క మాటే రాయించి, ఆ తలుపుకు ఎదురుగా నిలబడి మూడుసార్లు చదివింది నిజంగా సుద్ద తక్కువైందనేనా?